సెస్నా 172 కాక్‌పిట్‌ను సిమ్యులేటర్‌లో అచ్చం నిజంలా చేసుకోవడం ఎలా

పుత్తూరులో ఉండే మా చిన్నమ్మ కొడుకు తను సొంతంగా చేసిన సెస్నా 172 (నాలుగు సీట్ల చిన్న విమానం) కంప్యూటర్ మోడల్‌ను మొన్న దసరా సెలవుల్లో లాప్‌టాప్‌లో తెచ్చి చూపించాడు. బయటి నుంచి చూస్తే వంక పెట్టడానికి లేదు. రివెట్లు, టైరుకి అంటిన ఎర్రమట్టి, ఇంజిన్ కింద ఆయిల్ మరక, అన్నీ ఉన్నాయి. కెమెరా లోపలికి తిప్పగానే ఉత్సాహం నీరుగారిపోయింది. తిరునాళ్లలో అమ్మే ప్లాస్టిక్ విమానంలో కూర్చున్నట్టుంది. డయళ్ల ముళ్లు కదులుతున్నాయి, స్విచ్‌లు పడుతున్నాయి, అయినా ఏదో తేడా.

"ఏం తక్కువైందన్నా?" అన్నాడు.

తక్కువైందేమీ లేదు. లోపలున్న ప్రతి వస్తువూ ఒకే తీరున కొత్తగా ఉంది, ఎవరూ ఏనాడూ ముట్టుకోనట్టు. సెలవులు అయిపోయేదాకా ఇద్దరం తిరుపతిలో మా ఇంట్లో కూర్చుని దాన్ని సరిచేశాం. ఆ వరుసలోనే ఇక్కడ రాస్తున్నా. మీకు బ్లెండర్ (3డీ మోడళ్లు చేసే ప్రోగ్రామ్) కాస్త అలవాటు ఉంటే చాలు. దాంతోపాటు ఫోటోలు దిద్దడానికి జింప్, గీతల బొమ్మలకి ఇంక్‌స్కేప్ పెట్టుకోండి, మూడూ ఉచితమే. మీరు వాడే సిమ్యులేటర్ ఎక్స్‌ప్లేన్ అయినా, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ అయినా, పైసా ఖర్చు లేని ఫ్లైట్‌గేర్ అయినా చివర్లో ఎక్స్‌పోర్ట్ చేసే పద్ధతే మారుతుంది, మిగతా పని ఒకటే.

1. ఏ సెస్నానో ముందు తేల్చుకోండి

"సెస్నా 172 చేస్తున్నా" అంటే "ఆర్టీసీ బస్సు చేస్తున్నా" అన్నట్టే. పల్లెవెలుగా, సప్తగిరా, గరుడా? 172 మొదట ఎగిరింది 1955లో. 1986లో తయారీ ఆపేశారు, మళ్లీ 1996లో మొదలుపెట్టారు. ఈ మధ్యలో ఎన్నో రకాలు వచ్చాయి, ప్రతి దాని ప్యానెల్లోనూ ఏదో ఒక తేడా ఉంది.

ఎక్కువ మంది చేసేవి రెండు. 1970ల చివర్లో వచ్చిన 172ఎన్ ఒకటి, 1998లో వచ్చిన 172ఎస్ ఇంకొకటి. ఎన్‌లో కార్బురేటర్ ఇంజిన్ కాబట్టి ప్యానెల్ మీద కార్బ్ హీట్ నాబ్ (కార్బురేటర్‌లో మంచు పట్టకుండా వేడి గాలి పంపేది) ఉంటుంది. ఎస్‌లో ఫ్యూయెల్ ఇంజెక్షన్, ఆ నాబ్‌తో పనే లేదు. ఎన్‌లో ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి వంగే పలకలు) 40 డిగ్రీల దాకా దిగుతాయి, ఎస్‌లో 30తో సరి. 2000ల మధ్య నుంచి గుండ్రటి డయళ్లు పోయి రెండు పెద్ద స్క్రీన్లున్న జీ1000 ప్యానెల్ వచ్చింది. అంటే ఎస్‌లో కూడా ముందు పాత ప్యానెలా, కొత్త ప్యానెలా అని తేల్చుకోవాలి.

నేను మొదటిసారి చేసినప్పుడు ఇవేమీ చూడలేదు. నెట్‌లో బాగున్న ఫోటో కనపడితే చాలు, అందులోంచి ఒక ముక్క తీసి అతికించుకుంటూ పోయాను. పైలట్ ట్రైనింగ్‌లో ఉన్న ఒక కుర్రాడికి గొప్పగా చూపిస్తే, కార్బ్ హీట్ నాబ్ మీద మౌస్ పెట్టి "ఈ ఇంజిన్‌కి ఇది దేనికి సామీ?" అన్నాడు. మూడు వారాల పని మీద అంత మర్యాదగా నీళ్లు పోసినవాడిని ఇంకెవరినీ చూడలేదు.

ఇక్కడ చెప్పేదంతా గుండ్రటి డయళ్ల 172ఎస్ గురించి. గాజు స్క్రీన్ల ప్యానెల్ చూడటానికి తేలిగ్గా ఉంటుంది గానీ లోపలి ప్రోగ్రామింగ్ కొండంత. మొదటి మోడల్‌కి దాని జోలికి పోకండి.

2. ఒకే విమానం ఫోటోలు, ఒకే కొలత

పదిహేను విమానాల ఫోటోలు పోగేయడం కన్నా ఒకే విమానానివి పాతిక ఫోటోలు దొరకడం మేలు. పాత విమానాలు అమ్మకానికి పెట్టినప్పుడు లోపలి ఫోటోలు పెద్ద సైజులో, అన్ని వైపుల నుంచీ పెడతారు. అమ్మేవాడు ఏ గీతా దాచడానికి వీల్లేదు కాబట్టి మనకి కావలసిన గీతలన్నీ అందులో ఉంటాయి. రేణిగుంటలో దిగే ఏటీఆరో ఎయిర్‌బస్సో ఎక్కినప్పుడు లోపల చూసొద్దాం అనుకోకండి. ఆ తలుపు మూసే ఉంటుంది, పైగా ఆ విమానం వేరు, ఈ విమానం వేరు.

ఇక కొలత. విమానాల్లో పెద్ద డయళ్లు కూర్చునే రంధ్రం దాదాపు అన్నిచోట్లా ఒకే సైజు: మూడుంపరక అంగుళాలు, అంటే 79.4 మిల్లీమీటర్లు. చిన్న డయళ్లకు రెండుంపావు అంగుళాలు. ఇదే మీ టేపు. ఫోటోలో ఒక డయల్ ఎంత వెడల్పుందో చూసి, దాన్నిబట్టి స్విచ్ ఎంత, నాబ్ ఎంత, రెండు డయళ్ల మధ్య సందు ఎంత అని లెక్క కట్టేయొచ్చు. బ్లెండర్‌లో ముందే 79.4 మిల్లీమీటర్ల వలయం ఒకటి గీసి పక్కన పెట్టుకోండి. అనుమానం వచ్చినప్పుడల్లా దాన్ని తెచ్చి ఆనించి చూడటమే.

ఒక్క జాగ్రత్త. ఫోన్‌తో దగ్గర నుంచి తీసిన ఫోటోల్లో అంచున ఉన్న డయళ్లు కోడిగుడ్డులా సాగిపోతాయి. కొలతలు ఫోటో మధ్యలో ఉన్న డయల్ నుంచే తీసుకోండి. కెమెరా కోణాన్ని లెక్కకట్టి బ్లెండర్‌కి ఇచ్చే ఎఫ్‌స్పై అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఉంది, దాన్ని వాడితే ఈ తలనొప్పి సగం తగ్గుతుంది.

3. బొమ్మ కంటే ముందు కన్ను

బ్లెండర్‌లో మొట్టమొదట పెట్టాల్సింది కెమెరా. ఎడమ సీట్లో కూర్చున్న మనిషి కన్ను ఉండే చోట పెట్టండి. ప్యానెల్‌కి దాదాపు ముప్పావు మీటరు వెనక. తర్వాత ప్యానెల్‌ను ఒక పలకలా, పైన ఎండ పడకుండా ఉండే కప్పును ఒక పెట్టెలా, యోక్‌ను, అంటే విమానం స్టీరింగ్‌ను, ఒక కర్రలా పెట్టి, ఆ ముతక రూపంతోనే సిమ్యులేటర్‌లోకి తీసుకెళ్లి కూర్చుని చూడండి. రన్‌వే ఎంత కనపడుతోంది? యోక్ ఏ డయల్‌కి అడ్డమొస్తోంది? ఈ రెండూ ఫోటోతో సరిపోయేదాకా ముందుకు పోకండి. సొగసులన్నీ అద్దాక ప్యానెల్ అయిదు సెంటీమీటర్లు కిందికి దింపాలని తెలిస్తే ఏడుపు ఒక్కటే తక్కువ.

కన్ను స్థిరపడ్డాక దేనికెంత కష్టపడాలో అదే చెబుతుంది. కంటికి ఎదురుగా ఉన్న ఆరు డయళ్లకు పాలీగన్లు ధారాళంగా వాడండి. వలయం చుట్టూ 48 ముక్కలైనా ఉండాలి, లేకపోతే అంచు పలకల్లా కనిపిస్తుంది. కాళ్ల దగ్గర పెడల్స్‌కి పన్నెండు చాలు. వెనక సీట్ల మీద వారాలు గడపొద్దు.

ప్రతి అంచునూ కొద్దిగా, అర మిల్లీమీటరైనా సరే, గుండ్రం చేయండి. లోకంలో కత్తి లాంటి అంచు కత్తికే ఉంటుంది. గుండ్రం చేసిన అంచు మీద సన్నటి వెలుగు గీత పడుతుంది. ఆ గీత లేకపోతే రేకు కూడా అట్టముక్కలా ఉంటుంది.

4. డయళ్లు: ఇక్కడే తేలిపోతుంది

ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఏరోనాటికల్ ల్యాబ్‌లో పాత ఆల్టీమీటర్ (ఎత్తు చూపించే డయల్) ఒకటి చేతికిచ్చారు ఓసారి. అప్పటిదాకా డయల్ అంటే కాగితం మీద అచ్చేసిన బొమ్మ, దాని మీద ఒక ముల్లు అనుకునేవాణ్ణి. చేతిలో పెట్టుకుని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పితే అది ఒక చిన్న బావి అని తెలిసింది. పైన గాజు. గాజు నుంచి కొంత లోతులో నల్లటి పళ్లెం. పళ్లెం మీద ఆనకుండా, రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తులో ముల్లు. ముల్లు నీడ పళ్లెం మీద పడి, ముల్లుతో పాటే తిరుగుతోంది. తల కాస్త పక్కకి జరిపితే ముల్లు కొన వేరే గీత మీద ఉన్నట్టనిపించింది. అంకెల తెలుపు కూడా తెలుపు కాదు, పాత దంతం రంగుకి తిరిగింది. కింద మూల నాబ్ తిప్పితే మొదట కొంచెం వదులు, తర్వాత బిగువు.

అందుకే డయల్‌ను ఒకే బొమ్మగా చేయకండి. నాలుగు ముక్కలుగా చేయండి: బయటి రింగు, లోతులో పళ్లెం, విడిగా ముల్లు, పైన గాజు. మా తమ్ముడి మోడల్లో మొదట మార్చింది ఇదే. పళ్లేన్ని నాలుగు మిల్లీమీటర్లు లోపలికి నెట్టి, ముల్లును పైకి లేపగానే వాడే "అబ్బో" అన్నాడు.

ముల్లు తిరిగే కేంద్రం, అంటే బ్లెండర్‌లో ఆరిజిన్, ఇరుసు నడిమధ్యలో ఉండాలి. ఒక మిల్లీమీటరు పక్కకి పోయినా ముల్లు గానుగెద్దులా కుంటుతూ తిరుగుతుంది.

ఇప్పుడు ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్, అంటే వేగాన్ని నాట్లలో చూపించే డయల్. 172ఎస్‌లో తెల్ల చాపం 40 నుంచి 85 నాట్లు, అది ఫ్లాప్స్ పూర్తిగా దించి ఎగరగల పరిధి. ఆకుపచ్చ 48 నుంచి 129. పసుపు 129 నుంచి 163. ఎర్రగీత 163 దగ్గర. ఈ అంకెలు మాన్యువల్‌లో ఉంటాయి, ఫోటో చూసి ఊహించాల్సిన అవసరం లేదు. చిక్కంతా అంకెల మధ్య దూరంలో ఉంది. 40 నుంచి 60కి ఉన్న సందూ, 140 నుంచి 160కి ఉన్న సందూ సమానమని లెక్కేసుకుంటే ముల్లు తప్పు చూపిస్తుంది. కాబట్టి ఇలా చేయండి. డయల్ ఫోటోను ఇంక్‌స్కేప్‌లో తెరిచి, మధ్య నుంచి ప్రతి అంకె దగ్గరికీ ఒక గీత లాగండి. ప్రతి గీత కోణం కింద కనిపిస్తుంది, దాన్ని ఒక కాగితం మీద రాసుకోండి. ఆ పట్టికే మీ యానిమేషన్: ఒక్కో వేగానికి ఒక్కో కీఫ్రేమ్ (ముల్లు అప్పుడు ఎక్కడ ఉండాలో చెప్పే గుర్తు). ఫ్లైట్‌గేర్‌లో అయితే అదే పట్టికను ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో పెట్టేస్తారు.

ఆల్టీమీటర్ లెక్క తేలిక, పొరపాటు మాత్రం సులభంగా జరుగుతుంది. పొడుగు ముల్లు వెయ్యి అడుగులకు ఒక చుట్టు, అంటే 360 డిగ్రీలు. పొట్టి ముల్లు వెయ్యి అడుగులకు 36 డిగ్రీలు. పదివేలు చూపించే మూడోది 3.6 డిగ్రీలు. ఫ్లైట్‌గేర్ అయితే అడుగుకి 0.36, 0.036, 0.0036 అని రాస్తే అయిపోయింది. కీఫ్రేమ్‌లతో చేసేవాళ్లు 0 నుంచి 360 దాకా ఒక్క చుట్టే ఇచ్చి ఊరుకుంటారు. అప్పుడు 999 అడుగుల నుంచి 1000కి పోయేటప్పుడు ముల్లు గిర్రున వెనక్కి తిరుగుతుంది. 20 వేల అడుగుల దాకా మొత్తం 7200 డిగ్రీలూ ఇచ్చేయండి. బ్లెండర్‌లో రొటేషన్ మోడ్ క్వాటర్నియన్‌లో ఉంటే చుట్ల లెక్క పోతుంది, ఆయిలర్‌కి మార్చుకోండి.

పరీక్షకి రేణిగుంట రన్‌వే ఉంది కదా. సముద్రమట్టానికి ఎత్తు సుమారు 350 అడుగులు. ఆ రోజు గాలి ఒత్తిడి సరిగ్గా సెట్ చేసి రన్‌వే మీద నిలబెడితే పొడుగు ముల్లు మూడుకీ నాలుగుకీ మధ్యలో ఉండాలి. పొట్టి ముల్లు సున్నా దాటి, ఒకటి వైపు మూడో వంతు దూరం పోయి ఉండాలి. పొట్టి ముల్లు సున్నా మీదే కూర్చుని ఉంటే మీరు దాన్ని వెయ్యి వెయ్యికీ గెంతించారన్నమాట. ఒత్తిడి చూపించే చిన్న కిటికీని కూడా పని చేయించండి. అమెరికా డయళ్లలో అది పాదరసం అంగుళాల్లో, మామూలు విలువ 29.92. మన దేశంలో కంట్రోల్ టవర్ చెప్పేది హెక్టోపాస్కల్స్‌లో, అదే విలువ ఇక్కడ 1013. రిజిస్ట్రేషన్ వీటీతో మొదలయ్యే, అంటే మన దేశంలో నమోదైన విమానం చేస్తున్నట్టయితే రెండు కిటికీలూ ఉన్న ఆల్టీమీటర్ పెట్టడం బాగుంటుంది.

ముల్లును సిమ్యులేటర్‌లో ఏ విలువకి కడుతున్నారో కూడా చూసుకోండి. విమానం నిజంగా ఎంత వంగింది అనే విలువ ఒకటుంటుంది, ఆ పరికరం ఎంత చూపిస్తోంది అనేది ఇంకొకటుంటుంది. కొత్తవాళ్లు మొదటిదానికి కట్టేస్తారు. 172ఎస్‌లో హొరైజన్ డయల్ (విమానం ఎంత వంగిందో చూపించేది), హెడ్డింగ్ డయల్ (ఏ దిక్కుకి పోతోందో చూపించేది) రెండూ ఇంజిన్ తిప్పే వాక్యూమ్ పంపు గాలితో నడుస్తాయి. విమానం మలుపు తిరగడాన్ని చూపించే టర్న్ కోఆర్డినేటర్ కరెంటుతో. ఇంజిన్ ఆపి చాలాసేపైన విమానంలో హొరైజన్ డయల్ ఒక పక్కకి ఒరిగి పడి ఉంటుంది, టర్న్ కోఆర్డినేటర్‌లో కరెంటు లేదని ఎర్ర జెండా కనిపిస్తుంది. ఇంజిన్ స్టార్ట్ అయ్యాక హొరైజన్ మెల్లగా లేచి నిలబడుతుంది. పరికరం చూపించే విలువకి కడితే ఇదంతా ఉత్తినే వస్తుంది. కాక్‌పిట్‌లోకి రాగానే ఒరిగి ఉన్న ఆ డయల్‌ను చూస్తే, విమానం నిద్రపోతోందని చెప్పకుండానే తెలుస్తుంది.

5. అక్షరాలు చదవగలగాలి

ఇది లెక్క ప్రశ్న. ప్యానెల్ వెడల్పు దాదాపు ఒక మీటరు అనుకుందాం. మొత్తాన్నీ 4096 పిక్సెళ్ల ఒకే టెక్స్చర్ (మోడల్ మీద అతికించే బొమ్మ) మీద పరిస్తే సెంటీమీటరుకి 41 పిక్సెళ్లు. స్విచ్ కింద అక్షరం ఎత్తు 3 మిల్లీమీటర్లయితే దానికి వచ్చేది 12 పిక్సెళ్లే. అలుక్కుపోతుంది. అందుకే ప్యానెల్ రంగుకి ఒక షీటు, అక్షరాలకి వేరే షీటు పెట్టుకోండి. అక్షరాల ముక్కలన్నిటినీ దగ్గరగా పేర్చి, 30 సెంటీమీటర్లకి 4096 పిక్సెళ్లు వచ్చేలా చేస్తే అదే అక్షరానికి 41 పిక్సెళ్లు దొరుకుతాయి. ముందుకు వంగకుండానే చదువుకోవచ్చు.

అక్షరాలను ఇంక్‌స్కేప్‌లో గీయండి, జింప్‌లో కాదు. వెక్టర్ అయితే రేపు సైజు మార్చుకోవచ్చు. విమానాల డయళ్ల అంకెలకు అమెరికా మిలటరీ వాడిన ఎంఎస్33558 అనే పాత ప్రమాణం ఉంది. ఆ పోలికతో ఉచిత ఫాంట్లు దొరుకుతాయి. కంప్యూటర్‌తో వచ్చిన ఏరియల్ పెడితే మాత్రం డయల్ కరెంటు బిల్లులా ఉంటుంది.

నలుపు కోసం సున్నా నలుపు వాడకండి. 255లో 30 దగ్గర ఉంచండి. ఎండలో పెట్టిన ఏ నల్ల వస్తువూ అంత నల్లగా ఉండదు. తెలుపు కూడా అంతే, 220 దాటనివ్వొద్దు. ప్యానెల్‌లో సగం చేసి మిగతా సగం అద్దంలో తిప్పినట్టు కాపీ కొట్టే అలవాటుంటే, కుడివైపు అక్షరాలు తిరగబడ్డాయేమో చూసుకోండి.

స్టిక్కర్ల గురించి ఒక మాట. కాక్‌పిట్‌లో హెచ్చరికలు చాలావరకు స్టిక్కర్లే. అవి ఎలా పాతబడతాయో చూడాలంటే బస్టాండు దగ్గర బండ్లకి నంబర్లు అతికించే రేడియం స్టిక్కర్ షాపులో అరగంట కూర్చోండి. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల డయళ్లకు నిజంగానే రేడియం కలిపిన రంగు వేసేవాళ్లు. ఈ స్టిక్కర్లలో రేడియం లేకపోయినా మనవాళ్లు ఆ పేరు వదల్లేదు. షాపతను నాకు చెప్పిందేమిటంటే, "స్టిక్కర్ నాలుగు మూలలా ఒకేసారి లేవదు నైనా. బట్ట పెట్టి తుడిచే చెయ్యి ఏ మూల నుంచి మొదలుపెడితే ఆ మూల ముందు లేస్తుంది. ఆ జిగురుకి దుమ్ము పట్టి నల్ల అంచు కడుతుంది." మీ మోడల్లో రెండు స్టిక్కర్లకి, ఒక్కో మూల మాత్రమే అలా లేపండి.

6. చెయ్యి పడే చోటు, పడని చోటు

తిరుమల ఘాట్‌లో పోయే బస్సులో ముందు సీటు దొరికితే వెంకన్నను తలుచుకుంటూనే ఒక కన్ను డ్రైవర్ డాష్‌బోర్డ్ మీద వేయండి. గేర్ రాడ్ నాబ్ మీద అంకెలు ఎప్పుడో అరిగిపోయి ఉంటాయి. స్టీరింగ్ మీద చేతులు పడే రెండు చోట్లా తళతళ, కింది భాగం మాత్రం మాసిన నలుపు. రోజూ నొక్కే స్విచ్ చుట్టూ నున్నగా ఉంటుంది, ఎప్పుడూ నొక్కని స్విచ్ సందుల్లో బూడిద రంగు దుమ్ము. ఎండ తగిలే డాష్‌బోర్డ్ పైభాగం వెలిసిపోయి, నీడలో ఉన్న కింది భాగం అసలు రంగులోనే ఉంటుంది. మా తమ్ముడు పాతదనం కోసం ప్యానెల్ అంతటా సమానంగా గీతలు చల్లేశాడు, ఉప్మాలో ఆవాలు చల్లినట్టు. గీతలున్నాయి, వాటికి కారణం లేదు.

సెస్నాలో చెయ్యి ఎక్కడ పడుతుందో వరసగా ఆలోచించండి. ఇంజిన్ జోరు పెంచి తగ్గించే థ్రాటిల్ నాబ్ ముందు భాగం. ఫ్లాప్ లివర్. విమానం ముక్కు ఎత్తును సర్దే ట్రిమ్ చక్రం మీద బొటనవేలు తోసే గళ్లు. ఎడమ యోక్‌లో ఎడమ కొమ్ము, ఎందుకంటే పైలట్ కుడి చెయ్యి ఎక్కువసేపు థ్రాటిల్ మీద ఉంటుంది. పెడల్స్ మధ్యలో రంగు పోయి లోహం కనపడాలి, వాటి ముందు కార్పెట్ మీద మడమలు ఆనిన రెండు గుంటలు. తలుపు కింద గడపకి బూటు రాసుకున్న గీతలు. నాకు బాగా నచ్చేది తాళంచెవి దగ్గరిది. తాళం గుత్తి వేలాడుతూ ఇంజిన్ అదురుకి ఊగుతుంది కదా, దాని కింద ప్యానెల్ మీద వంపు తిరిగిన సన్న గీతలు పడతాయి. అవి పెట్టిన రోజు ఆ విమానానికి ఒక ఓనరు ఉన్నాడనిపించింది.

దీనికి విరుద్ధంగా సర్క్యూట్ బ్రేకర్ల వరుసను ఎవరూ ముట్టుకోరు. అక్కడ గీతలొద్దు, మూలల్లో దుమ్ము చాలు.

చేయడం ఎలా అంటే, రంగు షీటు కంటే ముందు రఫ్‌నెస్ షీటు (ఎక్కడ ఎంత గరుకో చెప్పేది) మీద పని చేయండి. చెయ్యి పడితే రంగు వెంటనే మారదు, మెరుపు మారుతుంది. అరిగిన చోట రఫ్‌నెస్ కాస్త తగ్గించండి, చాలు. దుమ్ముకి బ్లెండర్‌లో ఆంబియెంట్ ఆక్లూజన్ (సందుల్లో పడే నీడ) బేక్ చేసి దాన్ని మాస్క్‌గా వాడితే సందుల్లో తనంతట తానే చేరుతుంది. అయితే ఆ మాస్క్‌కి చేతులు ఎక్కడ పడతాయో తెలియదు కాబట్టి, తుడుచుకుపోయిన చోట్ల దుమ్మును మీరే బ్రష్‌తో చెరపాలి. ఈ చెరపడమే అసలు పని. అంతా అయ్యాక మొత్తం ప్రభావాన్ని సగానికి తగ్గించండి. పది రోజుల తర్వాత చూస్తే ఆ సగం కూడా ఎక్కువే అనిపిస్తుంది.

7. స్విచ్‌లు, నాబ్‌లు, చప్పుళ్లు

మాస్టర్ స్విచ్ ఎర్రగా, రెండు ముక్కలుగా ఉంటుంది: ఎడమది ఆల్టర్నేటర్, కుడిది బ్యాటరీ. రెండూ విడివిడిగా పడాలి. తాళంచెవికి అయిదు స్థానాలు: ఆఫ్, రైట్, లెఫ్ట్, బోత్, స్టార్ట్. స్టార్ట్ నుంచి వదలగానే దానంతట అదే బోత్‌కి రావాలి. మిక్స్చర్ నాబ్ (ఇంజిన్‌కి పోయే ఇంధనం, గాలి పాళ్లు సర్దేది) ఎరుపు, థ్రాటిల్ నలుపు. ఈ రంగులు తారుమారైతే చూసినవాడు మీ మోడల్‌ను ఇంక నమ్మడు. ఏ ట్యాంకు ఇంధనం వాడాలో ఎంచుకునే ఫ్యూయెల్ సెలెక్టర్ రెండు సీట్ల మధ్య నేల మీద ఉంటుంది, దాన్ని చూడటానికి కెమెరా వంచాల్సిందే. దాన్ని తెచ్చి ప్యానెల్ మీద పెట్టి సులభం చేయకండి.

థ్రాటిల్‌కి మౌస్‌తో లాగే పద్ధతి, ట్రిమ్ చక్రానికి స్క్రోల్ తిప్పే పద్ధతి పెట్టండి. చేతి కదలికకి దగ్గరగా ఉంటుంది.

చప్పుళ్లు డబ్బు పెట్టి కొనొద్దు. రాత్రి పదిన్నర తర్వాత, వీధి సద్దుమణిగాక, ఫోన్ దగ్గర పెట్టుకుని రికార్డ్ చేయండి. మా ఫ్లాప్ లివర్ చప్పుడు మా ఇంటి పాత మిక్సీ నాబ్‌ది. తాళంచెవి చప్పుడు పక్కింటాయన జీపుది. ఆయనకి విషయం చెప్పి అడిగితే నాలుగుసార్లు తిప్పి, "ఇది విమానంలో పెడతావా?" అని అయిదోసారి కూడా తిప్పాడు.

8. వెలుగు

సాయంత్రం అయిదున్నరకి టైం పెట్టి, రేణిగుంటలో 26 రన్‌వే మీద నిలబడండి. ముక్కు పడమటికి ఉంటుంది, సూర్యుడు ముఖంలో కొడతాడు. కాక్‌పిట్‌లో దాచిన తప్పులన్నీ ఈ వెలుగులో బయటపడతాయి. విండ్‌షీల్డ్ మీద తుడిచిన గీతలు సన్నటి వలయాలుగా మెరవాలి, కానీ రన్‌వే కనపడాలి. డయళ్ల గాజు అద్దంలా మెరిస్తే మెరుపు తగ్గించండి. రోజంతా మీకు కనపడాల్సింది అంకె, మీ ముఖం కాదు.

రాత్రికి మార్చండి. డయళ్లకు ఒక డిమ్మర్, రేడియోలకు ఒక డిమ్మర్ వేర్వేరుగా పనిచేయాలి. ఎక్కువ మంది అంకెలన్నిటినీ ఒకే వెలుగులో వెలిగించేస్తారు, పండగ సీరియల్ సెట్టులా. బల్బు ఒక పక్కన ఉంటుంది కాబట్టి డయల్‌కి ఆ వైపు ఎక్కువ, అవతలి వైపు తక్కువ వెలుగు పడాలి. వెలిగే షీటులో ఒక మెత్తటి గ్రేడియెంట్ చాలు. మీరు పాత ఎన్ రకం చేస్తూ ఎర్ర లైటు పెడితే, ఆ వెలుగులో ఎర్రగీత కనపడకుండా పోతుంది. కంగారు పడకండి, నిజంలోనూ అంతే.

9. కంప్యూటర్ మీద దయ

కుదించని 4096 టెక్స్చర్ ఒక్కటి 64 ఎంబీ మెమరీ తింటుంది. బీసీ7 పద్ధతిలో కుదిస్తే 16 ఎంబీ. కాబట్టి చివర్లో తప్పకుండా కుదించండి. కదలని వస్తువులన్నిటినీ కలిపి ఒకే ఆబ్జెక్ట్ చేయండి, కదిలేవి విడిగా ఉంచండి. గాజును ఎక్స్‌పోర్ట్‌లో అన్నిటికన్నా చివర గీయించండి, లేకపోతే దాని వెనకున్నవి మాయమవుతాయి. వేరేవాళ్లు డబ్బులకి అమ్మే మోడళ్లలోంచి టెక్స్చర్లు లాగి పెట్టుకోవద్దు. దొరికిపోతారు, దొరక్కపోయినా మీ విమానంలో ఇంకొకరి చేతి గీతలుంటాయి.

10. పరీక్ష

విమానాన్ని పూర్తిగా ఆపేసి, కాక్‌పిట్‌లో కూర్చుని, కీబోర్డ్ పక్కన పెట్టేయండి. మాన్యువల్‌లో ఉన్న చెక్‌లిస్టు ఒక్కో లైనూ చదువుతూ మౌస్‌తోనే ఇంజిన్ స్టార్ట్ చేయండి. ఎక్కడ చెయ్యి ఆగిందో, ఏది వెతుక్కోవాల్సి వచ్చిందో, ఏ అక్షరం చదవలేకపోయారో రాసుకోండి. తర్వాత మీ కాక్‌పిట్ ఎప్పుడూ చూడని వాళ్లను కూర్చోబెట్టి అదే చేయించండి. మీరు రాసుకున్న దానికి రెండింతల జాబితా వస్తుంది.

ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఎగరండి. మేమూ చివరి రోజు సాయంత్రం 26 నుంచి లేచాం. కుడివైపు శేషాచలం కొండలు వచ్చాయి. వెనక నుంచి చూస్తున్న మా అమ్మ, "రేయ్, కొండ మీద పోబాక, పక్కనించి తిప్పుకో" అంది. కంప్యూటర్లో అయినా సరే, గుడి మీదుగా ఎగరడం ఆవిడకి ఇష్టం లేదు. మా తమ్ముడు యోక్ ఎడమకి తిప్పాడు. కొండ కుడికి జారింది, హొరైజన్ సరిగ్గా వంగింది. టర్న్ కోఆర్డినేటర్‌లోని బుల్లి విమానం మాత్రం కుడికి ఒరిగి కూర్చుంది. ఆ ఒక్క కీఫ్రేమ్‌లో మైనస్ గుర్తు పెట్టడం మర్చిపోయాడు. పుత్తూరు బస్సుకి ఇంకో గంట టైముంది, మళ్లీ బ్లెండర్ తెరిచాం.